ఇంటి రుచి తగిలే మామిడి తాండ్ర, బాల్కనీ ఎండలో ఎలా చేసుకోవాలి

మామిడి తాండ్ర కొనుక్కుని తిని "బాగానే ఉంది గానీ ఇది మన తాండ్ర కాదు" అని ఎప్పుడైనా అనుకున్నారా? నేను హైదరాబాద్ వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి ఎండాకాలం అనుకుంటూనే ఉన్నాను. రెండేళ్ళ క్రితం ఒక స్వీట్ షాపులో ప్యాకెట్ కొన్నాను, పసుప్పచ్చగా ధగధగా మెరిసిపోతోంది, కొరికితే మాత్రం ఉత్త తీపి, పీచు లేదు, పులుపు లేదు. ప్యాకెట్ తిప్పి చూస్తే మొదటి పదార్థమే పంచదార. పదార్థాల పేర్లు బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకి రాయాలని రూలు ఉంది కాబట్టి, అందులో మామిడిపండు కన్నా పంచదారే ఎక్కువ అని వాళ్ళే ఒప్పుకున్నట్టు. అమ్మకి ఫోన్ చేసి చెబితే "అది తాండ్రేంట్రా, మామిడి వాసన చూపించిన మిఠాయి" అంది.

ఆ కోపంతోనే మొదలుపెట్టాను. రెండుసార్లు చెడగొట్టాను, మూడోసారి కుదిరింది. మీరు ఆ రెండుసార్లు దాటేసి నేరుగా మూడోసారికి వచ్చేయడానికి ఇది రాస్తున్నాను.

ముందు ఒక మంచి ముక్క తిని చూడండి

చేయడం కన్నా ముందు, మీకు ఏ రుచి కావాలో నాలుకకి ఒకసారి గుర్తుచేయాలి. ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే ఒక చుట్ట తెప్పించుకోండి. కోనసీమలో ఆత్రేయపురం అనగానే అందరికీ పూతరేకులే గుర్తొస్తాయి, 2023లో వాటికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది కదా, కానీ తాండ్రకీ ఆ ఊరు పేరున్నదే. ఉత్తరాంధ్ర వాళ్ళయితే విజయనగరం జిల్లా భీమాళి తాండ్ర అంటారు, ఇందులో ఎవరిది గొప్ప అనే గొడవలోకి నేను దిగను.

ముక్క చేతికి రాగానే కొరికేయకండి. మొదట తిప్పి కింది వైపు చూడండి, చాప మీద ఎండినదైతే చాప అల్లిక అచ్చు గళ్ళు గళ్ళుగా కనపడుతుంది. తర్వాత అంచు వైపు నుంచి చూడండి. మంచి తాండ్రలో పుస్తకం అంచులా సన్నటి పొరలు కనపడతాయి, ఒకేసారి మందంగా పోసి ఆరబెట్టినదైతే అడ్డంగా కోసిన సబ్బులా ఉంటుంది. ఇప్పుడు మధ్యకి వంచండి. విరగకూడదు, చేతికి అంటుకోకూడదు. అప్పుడు చిన్న ముక్క చింపి, నమలకుండా, నాలుక మీద పెట్టుకుని కాసేపు ఊరుకోండి. ముందు పుల్లగా తగులుతుంది, నోరు ఊరిన కొద్దీ తీపి బయటికొస్తుంది, ఆఖర్న ఎండకి కాస్త మాడినట్టుండే వాసన ఒకటి ముక్కులోకి వస్తుంది, పళ్ళ సందుల్లో పీచు మిగులుతుంది. నాకైతే ఆ ఆఖరి వాసన దగ్గరే అమ్మమ్మ వాళ్ళ డాబా కనపడుతుంది, చాప పక్కన కాకుల్ని తోలడానికి కర్ర పట్టుకుని కూర్చున్న నేను, కాకుల కన్నా నేనే ఎక్కువ గీక్కుతినడం, అన్నీ.

ఆ పులుపు, ఆ పీచు, ఆ ఎండ వాసన, ఆ పొరలు, ఈ నాలుగూ రావాలి. కింద చెప్పేదంతా ఈ నాలుగింటి కోసమే.

పండ్లు

బంగినపల్లి వద్దు. కోసుకు తినడానికి దాన్ని మించింది లేదు, కానీ అందులో పీచు తక్కువ, పులుపు తక్కువ, తాండ్ర మెత్తగా చప్పగా వస్తుంది, పైగా ఖరీదు. రసాలు కావాలి. చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం, ఏది దొరికితే అది. నూజివీడు రసాలు దొరికితే అదృష్టం. ఊళ్ళల్లో అయితే పేరు కూడా లేని పీచు మామిడి చెట్లు ఉంటాయి చూశారూ, టెంక చుట్టూ జుట్టులా పీచు ఉండి ఎవరూ కొనని పండ్లు, తాండ్రకి అవే రాజులు. కలెక్టరు మామిడి, అంటే తోతాపురి, గుజ్జు బాగా ఇస్తుంది, చవక, కానీ దానంతట అదే వాసన ఇవ్వదు. సగం రసాలు సగం కలెక్టరు కలుపుకుంటే ఖర్చు కలిసొస్తుంది.

పండు బాగా మగ్గాలి, తొడిమ దగ్గర నొక్కితే లోపలికి పోవాలి. పైన అంతా ఒకే పసుపు రంగులో ఉండి లోపల పుల్లగా గట్టిగా ఉంటే అది మందు పెట్టి మగ్గబెట్టిన కాయ అనుకోవచ్చు. కార్బైడ్‌తో మగ్గబెట్టడం మన దేశంలో నిషేధం, అయినా అలాంటి కాయలు కనపడుతూనే ఉంటాయి. కాస్త గట్టిగా ఉన్న పండ్లు తెచ్చుకుని ఇంట్లోనే వరిగడ్డిలోనో, గడ్డి లేకపోతే న్యూస్ పేపర్లు చుట్టి బియ్యం డబ్బాలోనో రెండు మూడు రోజులు పెడితే మనకి నమ్మకం.

లెక్క చెబుతాను. మూడు కిలోల రసాలకి సుమారు కిలోన్నర రసం వస్తుంది. దానికి తాండ్ర అర కిలో లోపే వస్తుంది. అంతేనా అనకండి, మిగతాదంతా నీరే, ఎండకి పోతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

మే మొదటి వారం నుంచి రోహిణి కార్తె లోపు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత, ఆ ఎండ తాండ్రకి వరమే, కానీ ఆ కార్తె జూన్ మొదటి వారంలో అయిపోతుంది, వెనకాలే మృగశిర, మబ్బులు. మధ్యలో ఆపడానికి కుదిరే పని కాదు కాబట్టి ఎనిమిది రోజులు ఎండ ఉంటుందని వాతావరణం చూసుకుని మొదలుపెట్టండి. నా మొదటి ప్రయత్నం జూన్ 8న మొదలైంది. ఇంకేం చెప్పను.

రసం తీయడం

పండ్లని గంటసేపు నీళ్ళల్లో వేయండి. ముచ్చిక దగ్గర సొన ఉంటుంది, అది కొందరికి పెదాలు మండిస్తుంది, తాండ్రకి చేదు కూడా తెస్తుంది. ముచ్చిక తీసేసి మొదటి రెండు చుక్కలు పిండి పారేయండి. తర్వాత పండుని రెండు చేతుల మధ్య మెల్లగా నలిపి, చిన్నప్పుడు జుర్రుకునేటప్పుడు చేసినట్టే, రసం గిన్నెలోకి పిండండి. టెంకని కూడా వదలకుండా పిసకండి.

మిక్సీ వేయకండి. మిక్సీ పీచుని పొడి చేసేస్తుంది, రసంలోకి గాలి కొడుతుంది, పొర మీద బుడగలు వస్తాయి. పెద్ద కన్నాల జల్లెడలో చేత్తో రుద్దితే చాలు, మరీ పొడుగు పీచు పైన ఉండిపోతుంది, సన్న పీచు కిందికి దిగుతుంది. ఆ సన్న పీచే తాండ్రకి నారలాంటిది, ముక్క చింపితే సాగేది దానివల్లే. గుడ్డలో వడకడితే ఆ సుఖం పోతుంది.

తీపి ఎంత

రసం నాలుక మీద వేసుకుని చూడండి. మీకు తాగడానికి సరిపోయే తీపి ఉంటే ఇంక ఏమీ వేయనక్కర్లేదు, ఎండితే మూడు నాలుగింతలు తీపి అవుతుంది. కొద్దిగా పుల్లగా ఉంటే కిలో రసానికి వంద గ్రాముల పంచదార, అంతకు మించి వేయకండి. బెల్లం వేస్తారు కొందరు, రంగు నల్లబడుతుంది, రుచి నాకు ఇష్టమే, కానీ మొదటిసారి పంచదారతో చేయండి, ఏది ఎండ వల్ల వచ్చిన రంగో ఏది బెల్లం రంగో తెలుస్తుంది. పండు మరీ తియ్యగా ఉండి పులుపే లేకపోతే కిలోకి ఒక చెంచా నిమ్మరసం పిండండి. దానివల్ల రంగు కూడా తొందరగా నల్లబడదు, పంచదార గడ్డకట్టి పలుకులు తేలకుండానూ ఉంటుంది. బజారు తాండ్ర ఆ పసుపు రంగులో ఉండటానికి చాలాసార్లు సల్ఫైట్ అనే నిల్వ మందు కారణం, ప్యాకెట్ మీద 223, 224 అని నంబర్లు కనపడితే అదే. ఇంట్లో దానితో పని లేదు. మన తాండ్ర గోధుమ రంగులోకి తిరుగుతుంది, తిరగనివ్వండి.

ఒక్కసారి వేడి చేయాలి

ఊళ్ళో మామూలుగా రసం కాయరు. పిండిన వెంటనే నలభై డిగ్రీల ఎండలో చాప మీద పోస్తారు, ఏ రోజు రసం ఆ రోజే పిండుకుంటారు. మన బాల్కనీకి నాలుగైదు గంటల ఎండ వస్తే గొప్ప, రోజూ పండ్లు పిండే ఓపికా ఉండదు. పచ్చి రసం పోసి నేను రెండోసారి దెబ్బతిన్నాను, సాయంత్రానికి పైన పొరకట్టి లోపల తడిగానే ఉండిపోయింది, మర్నాడు మూత తీస్తే కల్లు వాసన. ఆ పళ్ళెం ముందు నిలబడి అట్లకాడతో గీకుతూ, మూడు కిలోల రసాలు సింకులో పోతుంటే వచ్చిన ఏడుపు ఇప్పటికీ గుర్తుంది.

అందుకని స్టీలు గిన్నెలో, ఇనుప మూకుడులో కాదు, అందులో రసం నల్లబడుతుంది, సన్నని మంట మీద అంచులు కుతకుతలాడే దాకా కలుపుతూ వేడి చేసి, ఇంకో ఐదు నిమిషాలు ఉంచి దించండి. పొడుగు గరిటె వాడండి, మామిడి గుజ్జు లావాలాగా చిమ్ముతుంది, చేతి మీద పడితే అంటుకుని కాలుస్తుంది. చిక్కబడేదాకా మరిగించకండి, అలా చేస్తే జామ్ వాసన వస్తుంది, మనకి కావాల్సింది ఎండ వాసన. చల్లారాక ఐదు డబ్బాల్లో సమానంగా పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, రోజుకో డబ్బా.

పోయడం, ఎండబెట్టడం

తాటాకు చాపో ఈతాకు చాపో దొరికితే అంతకన్నా మంచిది లేదు, కింద నుంచి కూడా గాలి తగులుతుంది. కానీ రంగు వేసిన చాప వద్దు. కొత్త చాప తెచ్చి వేడినీళ్ళతో కడిగి రెండు రోజులు ఎండలో పెట్టి, పైన నెయ్యి పల్చగా రాయండి. దొరకకపోతే అంచులున్న వెడల్పాటి స్టీలు పళ్ళెం, ఒక మూర పొడుగు ఉన్నది. నెయ్యి రాయడం మాత్రం మర్చిపోకండి.

మొదటి డబ్బా రసం పోసి, గరిటె వెనక వైపుతో పరవండి. మందం రెండు మూడు మిల్లీమీటర్లు, అంటే రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంతో అంత. అంచుల దగ్గర ఒక ఇసుమంత ఎక్కువ ఉంచండి, అంచులు ముందు ఎండి పెళుసెక్కుతాయి.

పైన దోమతెర గుడ్డ కప్పాలి, కానీ అది రసానికి తగలకూడదు. నేను నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టి వాటి మీద గుడ్డ లాగి క్లిప్పులు పెట్టాను. పళ్ళేన్ని ఒక స్టూలు మీద పెట్టి, స్టూలు కాళ్ళు నీళ్ళున్న గిన్నెల్లో ఉంచండి. ఈ చీమల సంగతి తేలిగ్గా తీసుకోకండి, ఆరో అంతస్తుకి చీమలు రావనుకున్నాను, వచ్చాయి, బంధుమిత్ర సపరివారంగా. ఎండ జరిగినప్పుడల్లా పళ్ళెం జరపాలి, వర్క్ ఫ్రమ్ హోమ్ ఉన్నవాళ్ళకి ఇది కాస్త సులువు, మీటింగ్‌లో కెమెరా ఆపుకుని లేవొచ్చు. సాయంత్రం ఎండ పోగానే లోపలికి తెచ్చేయండి, రాత్రి చెమ్మ పడితే మళ్ళీ మొదటికొస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. రెండో పొర ఎప్పుడు పోయాలి? పొర మీద మెరుపు పోయి మసకబారుతుంది, అప్పుడు వేలి వెనక వైపుతో తాకండి. వేలికి రసం అంటకూడదు, కానీ కాస్త జిగురు తగలాలి. ఆ జిగురు ఉండగానే రెండో పొర పోసేయండి. బాగా ఎండిపోయే దాకా ఆగితే పై పొర కింది పొరని పట్టుకోదు, జిగురు రాకముందే పోస్తే కిందిది ఎప్పటికీ ఎండదు. మంచి ఎండలో రోజుకో పొర, మబ్బుంటే రెండు రోజులకో పొర. డబ్బాలు వారం దాటి ఫ్రిజ్‌లో ఉండేలా ఉంటే మిగిలినవి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోండి.

ఐదు పొరలయ్యాక అంచులు కత్తితో వదులు చేసి, మొత్తం ఒక చేత్తో పట్టుకుని లేపండి. చర్మం ఒలిచినట్టు సర్రున వస్తుంది, ఆ శబ్దం కోసమైనా చేయొచ్చు ఇదంతా. తిరగేసి కింది వైపు ఇంకో పూట ఎండ చూపించండి. మధ్యలో చేతితో నొక్కితే మెత్తగా దిగబడితే ఇంకో రోజు.

ఎండే లేని వాళ్ళు

అమెరికాలోనో లండన్‌లోనో ఉండి చదువుతున్నవాళ్ళకి ఓవెనే గతి. 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టి, తలుపు సందులో చెక్క గరిటె ఇరికించి ఆవిరి పోయేలా చేసి, ఒక్కో పొరకి నాలుగైదు గంటలు. అక్కడ రసాలు దొరకడం కష్టం. మెక్సికో నుంచి వచ్చే చిన్న పసుపు మామిడిపండ్లు, అటావుల్ఫో అంటారు, తీపి బాగుంటుంది గానీ పీచు ఉండదు, నిమ్మరసం తప్పకుండా పిండాలి. ఇండియన్ స్టోర్‌లో డబ్బా గుజ్జు కొంటే లేబుల్ చదవండి, చాలావాటిలో పంచదార ముందే కలిపి ఉంటుంది, మళ్ళీ వేయకండి. తోతాపురి గుజ్జు డబ్బా అయితే అది చిత్తూరు వైపు ఫ్యాక్టరీల నుంచి వచ్చి ఉండే అవకాశం ఎక్కువ, అంటే పండు మన పండే, అదో తృప్తి. నిజం చెప్పాలంటే ఓవెన్ తాండ్రలో పులుపు వస్తుంది, పొరలు వస్తాయి, ఎండ వాసన మాత్రం రాదు. సగం దొరికినట్టే.

దాచడం, తినడం

రెండంగుళాల పట్టీలుగా కోసి, బటర్ పేపర్‌లో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టండి. హాస్టల్లో ఉన్నప్పుడు నాకు న్యూస్ పేపర్‌లో చుట్టి పంపేవాళ్ళు, సగం చుట్టకి వార్తల అక్షరాలు తిరగబడి అచ్చు పడేవి, వాటితో సహా తినేసేవాళ్ళం, మీరు అలా చేయకండి. బాగా ఎండినదైతే ఆరు నెలలు ఢోకా లేదు, వానాకాలంలో మాత్రం ఫ్రిజ్‌లోకి మార్చండి. పైన తెల్లగా ఏదైనా కనపడితే తాకి చూడండి, గరుగ్గా ఉంటే పంచదార పలుకులు, తినొచ్చు. దూదిలా ఉంటే బూజు, మొత్తం పారేయండి, ఆ మేరకు కోసి తినే పని పెట్టుకోకండి.

షుగర్ ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే ఒక మాట. పండు కదా అని ముక్కలు ముక్కలు ఇచ్చేయకండి, వంద గ్రాముల తాండ్రలో డెబ్బై గ్రాముల దాకా చక్కెరే ఉంటుంది, మనం వేసినా వేయకపోయినా.

మా ఇంట్లో పెరుగన్నంలో నంజుకుంటారు. పెరుగు పులిసి ఉండకూడదు, అన్నం కాస్త వెచ్చగా ఉండాలి, తాండ్ర ముక్కని ముద్ద కింద పెట్టి ఒక నిమిషం ఉంచితే మెత్తబడి ముద్దకి పసుపు చార వస్తుంది. ఒకసారి చేసి చూడండి. కొద్దిగా ఉప్పుకారం చల్లుకుని తినేవాళ్ళూ ఉన్నారు, అది నాకు నచ్చదు, మీ ఇష్టం.

ఇది కుదిరితే భాద్రపదంలో తాటిపండ్లు రాలేటప్పుడు తాటి తాండ్ర ప్రయత్నించొచ్చు, అక్కడక్కడా చిరుచేదు తగులుతూ భలే ఉంటుంది, కానీ తాటిపండు పీచు నుంచి గుజ్జు తీయడం వేరే యుద్ధం.

నా మూడోసారి తాండ్రలో సగం అమ్మకి కొరియర్ చేశాను. రెండు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. పులుపు బాగుందంది, పీచు ఉందంది, నేను పొంగిపోయేలోపే "పై రెండు పొరలూ ఊడొస్తున్నాయిరా, కిందది మరీ ఎండబెట్టేశావు" అంది. నిజమే, మూడో పొర పోశాక ఆఫీసు పనిలో పడి రెండు రోజులు దాని మొహం చూడలేదు. అందుకే పైన జిగురు ఉండగానే పోయండి అని అంతలా చెప్పాను.